బయట నుంచి తెచ్చిన గడియారం

యాప్‌లో టైము ఎంచుకునే కొత్త కంట్రోల్ తెర మీదకు రానని మొండికేసింది.

దాని కోడ్ ప్యాకేజీ తెచ్చి ప్రాజెక్టులో చేర్చారు. పేజీలో దాని చోటు దానికి చూపించారు. తప్పులేవీ లేవని కంప్యూటర్ చెబుతూనే ఉంది. యాప్ తెరిచి చూస్తే మాత్రం "బండి ఎన్నింటికి రావాలి?" అన్న ప్రశ్న కింద తెల్లటి ఖాళీ.

పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటి దగ్గర దింపే బండ్ల సంస్థ కోసం చేస్తున్న యాప్ అది. ఒకసారి రాసిన కోడే అన్ని రకాల ఫోన్లలోనూ, ట్యాబుల్లోనూ నడవాలి. టైము ఎంచుకునే గడియారం మాత్రం ఇన్నాళ్ళూ పెద్దాయన సొంతంగా రాసిందే. ఆ గదిలో యాభై దాటింది ఆయనొక్కడే కనుక అందరికీ పెద్దాయన. ఈమధ్య కొత్త ట్యాబుల్లో ఆ గడియారం సగానికి తెగి కనిపిస్తోంది. ఒకచోట అతుకు వేస్తే మరోచోట చిరుగుతోంది. చివరికి టీమ్ లీడర్, ఆయన కంటే బాగా చిన్నదైన అమ్మాయి, ఇలాంటి కంట్రోళ్ళు తయారుచేసి అమ్మే ఒక బయటి కంపెనీ దగ్గర కొత్తది కొనిపించి, అమర్చే పని ఆయనకే ఇచ్చింది.

ఆ అమ్మాయే ఇప్పుడు టీ కప్పుతో వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"పరిచయం చేశారా సార్?"

"ఎవరికి?"

"యాప్‌కి. ఫలానా కంట్రోల్ వస్తోందని మొదట తెరుచుకునే ఫైల్లో ఒక్క లైను రాయాలి కదా. చుట్టాన్ని పిలిచి, ఇంట్లోవాళ్ళకు చెప్పకపోతే పాపం గుమ్మంలోనే నిలబడుతుంది."

"రాశాననే అనుకున్నానమ్మా."

"మీకు రాయాలని లేదేమో లెండి."

నవ్వుతూ అన్న మాటే. ఆయన కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. లైను రాసి మళ్ళీ నడిపించాడు. ఖాళీలో అంకెల చక్రం ఒకటి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు, నింపాదిగా కూర్చుంది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన దాన్ని మార్చడంలోనే గడిపాడు. నల్లటి అంకెలను లేత బూడిద రంగులోకి తెచ్చాడు. వేలు ఆనిస్తే చాలు, చక్రం దొర్లిపోయేలా చేశాడు. అంకె మీద తాకి ఎంచుకునే పద్ధతిని ఆపేశాడు. సాయంత్రానికి కొత్త గడియారం అచ్చం పాతదానిలా తయారైంది.

"ఇన్ని లైన్లు దేనికి సార్? కొన్నదాన్ని కొన్నట్టు వాడుకుందామనే కదా కొన్నాం," అంది లీడర్.

"వాడేవాళ్ళు పాతదానికి అలవాటుపడ్డారు."

ఆమె ఆయన ముఖం వైపు ఒకసారి చూసి, వాదన పెంచలేదు. "సరే, ట్యాబు ఇంటికి పట్టుకెళ్ళండి. ఎవరి చేతనైనా వాడించి చూడండి. బాగుందంటే రేపు పంపించేద్దాం."

ఇంట్లో ఉన్నది అత్తగారొక్కరే. కూతురు మంచాన పడినప్పుడు సాయానికని వచ్చింది. కూతురు పోయాక ఆమె వెళ్తాననలేదు, ఈయన వెళ్ళమనలేదు. ఆయన ఆలస్యంగా వచ్చే రోజుల్లో మెట్ల దగ్గర లైటు వేసి ఉంచుతుంది. అడిగితే, ఆర్పడం మరిచిపోయానంటుంది.

వచ్చే వారం నుంచి ఆమె చేతి వణుకుకు ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తారు. బండి నేను పిలుస్తాలెండి అని ఆయన అంటే ఒప్పుకోలేదు. "నా బండి నేనే పిలుచుకుంటా. ప్రతిసారీ నీ మీద ఆధారపడాలంటే ఆ వ్యాయామమే వద్దు నాకు," అంది. అన్నంత పనీ చేసే మనిషి.

భోజనాల బల్ల మీద ట్యాబు పెట్టి, "తొమ్మిదిన్నర పెట్టి చూడండి అత్తయ్యా," అన్నాడు.

ఆమె కళ్ళజోడు సర్దుకుని వేలు ఆనించింది. వేలు వణికింది. చక్రం తొమ్మిది దాటి, పది దాటి, మధ్యాహ్నం మూడు దగ్గర ఆగింది. వెనక్కి తిప్పబోతే తెల్లవారుజాము నాలుగైంది.

"ఈ వేళప్పుడు వెళ్తే ఆసుపత్రిలో వాచ్‌మన్‌కి వ్యాయామం చేయించి రావాలి," అంది.

ఇంకోసారి ప్రయత్నించింది. మరోసారీ ప్రయత్నించి, చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. రెండో చేత్తో దాన్ని కప్పి పెట్టుకుంది. ఆయనకు చూడబుద్ధి కాలేదు.

"ఎవరి చేతికి చేశావు బాబూ దీన్ని?" అని అడిగింది.

ఆయన చక్రాన్ని మళ్ళీ మొదటికి తిప్పాడు.

"నా కూతురి చేతికేగా. చివర్లో దాని వేళ్ళలో నొక్కే బలం ఉండేది కాదు. ఆనిస్తే కదలాలి అనేది. ఎక్కువ నలుపు చూస్తే కళ్ళు మండుతున్నాయనేది." ట్యాబును మెల్లగా ఆయన వైపు జరిపింది. "దానికి సరిపోయింది. నా చెయ్యి వేరు కదా."

ఆయన లాప్‌టాప్ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. కంట్రోల్‌తో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన వివరాలను ఉదయం పైపైన చూసి వదిలేశాడు. ఇప్పుడు మొదటి నుంచి చదివాడు. చేతులు వణికేవారు చక్రం తిప్పనక్కర్లేదని, అంకెను తాకితే చాలని రాసి ఉంది. వణుకు వల్ల వేలు వెంటవెంటనే తగిలినా ఒక్కసారి తాకినట్టే లెక్కట. మొదటి నుంచీ అందులో ఉన్న ఏర్పాటే. దాన్ని ఆపింది ఆయనే.

ఎక్కడో ఎవరో, ముఖం కూడా తెలియని మనిషి, ఇలాంటి చేతిని దగ్గర కూర్చుని చూసే రాసి ఉండాలి. తల్లిదో, అత్తదో. ఆయన ఆ వాక్యం మళ్ళీ చదివాడు.

తర్వాత తను రాసిన లైన్లు తీసేయడం మొదలుపెట్టాడు. చక్రం వేగం తీసేశాడు. తాకడం వద్దన్నది తీసేశాడు. రంగు దగ్గర చెయ్యి ఆగింది. ఆ బూడిద రంగును పాత గడియారం కోసం భార్యా తనూ మంచం మీద కూర్చుని ఎంచుకున్నారు. ఇది మరీ పాలిపోయిందంటే అది, అది మరీ ముదురంటే ఇది అని ఒక పూటంతా.

"అది కూడా తీసెయ్," అంది అత్తగారు తెర వైపు చూడకుండానే. "నాకు ఆ అంకెలు అసలు కనబడటం లేదు."

తీసేశాడు.

మర్నాడు లీడర్ ఆ ఫైలు తెరిచి, "ఏవి సార్ మీ లైన్లన్నీ?" అంది.

"అక్కర్లేదమ్మా. వాళ్ళే బాగా చేశారు."

ఆమె ఫైలు మూసేసింది. ఆయన కోసం కూడా ఒక టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది.

తర్వాతి వారం ఒక ఉదయం, ఆయన ఆఫీసులో ఉండగా అత్తగారి నుంచి ఫోన్ వచ్చింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమైంది అత్తయ్యా? బండి రాలేదా?"

"ఎందుకు రాదు, వచ్చింది. అందులోనే ఉన్నా. ముందు తొమ్మిదిన్నరకు పెట్టాను. తర్వాత తొమ్మిదింబావు చేశాను. మళ్ళీ తొమ్మిదిన్నర చేశాను. డ్రైవరు నన్ను అదోలా చూస్తున్నాడు."

"అన్నిసార్లు ఎందుకు మార్చారు?"

"ఎంత పెడితే అంత వస్తోంది కదా, అందుకని," అంది ఆవిడ.