ఏరేసిన ఆకులు

లారీకి ఎక్కించే ముందు నర్సరీలో మామిడి మొక్కలకు ముస్తాబు ఉంటుంది. బొడిపెలు లేచిన ఆకులు గిల్లేసి, మిగతావి తడిగుడ్డతో తుడిచి నిగనిగలాడించాలి. ఇరవై ఏళ్లుగా ఆ పని అక్కదే. అందరికీ ఆమె అక్కే. ఆమె చెయ్యి పడిన మొక్కకు వంక పెట్టేవాడు లేడని యజమాని గొప్పలు పోయేవాడు. గిల్లిన ఆకులు పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. ఎరువవుతుందిలే అని మట్టికుప్పలో కలిపేది. చదువరులారా, తాను మోసం చేస్తున్నానని ఆమె ఏనాడూ అనుకోలేదు. పని శుభ్రంగా చేస్తున్నాననే అనుకుంది.

ఒక మధ్యాహ్నం, మొక్కలతో నిండిన లారీ బయల్దేరబోతుండగా ఆమె సొంత తమ్ముడు వచ్చాడు. ఏటి అవతల అతని తోటలో నాలుగు వందల మొక్కలూ ఇక్కడివే. వెంట పురుగుల మీద పరిశోధన చేసే పెద్దాయన ఉన్నాడు.

"చిగురేస్తే చాలు, ఆకంతా పొక్కులే అక్కా. మూడేళ్లయినా ఎదుగూ బొదుగూ లేదు. పీకెయ్యడమే దిక్కట."

పెద్దాయన ఒక బొడిపెను బ్లేడుతో చీల్చాడు. లోపల నువ్వుగింజలో సగం లేని పసుపు పురుగు మెదిలింది.

"దీని తల్లి దోమకన్నా చిన్న ఈగమ్మా. లేత చిగురులో గుడ్లు పెట్టి రెండ్రోజుల్లో చచ్చిపోతుంది. పిల్లపురుగు చుట్టూ ఆకు ఉబ్బుతుంది. ఎదిగాక అది మట్టిలో దూరి, ఈగై లేస్తుంది. గట్టు దాటి ఎగరలేని ఈ ప్రాణి ఏరెలా దాటింది?"

ఆయన పటం విప్పాడు. ఈగ కనిపించిన చోటల్లా ఎర్రచుక్క. చుక్కలన్నీ నర్సరీ లారీ తిరిగే రోడ్డు వెంటే ఉన్నాయి.

"బొడిపె ఆకు ఒక్కటీ వదల్లేదు సార్, ఒట్టు! అన్నీ నేనే ఏరేశాను."

"ఏరి ఎక్కడ వేశారమ్మా?"

అక్క మట్టికుప్ప వైపు చూసింది.

"అయ్యో... ఆ మట్టే కదా మొక్కల సంచుల్లో నింపుతాం!"

"నీ చెయ్యి చూసే కొన్నానక్కా," అన్నాడు తమ్ముడు. నాలుగు తిట్టినా బాగుండేది. అతను తల దించుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.

అక్క పరుగెత్తి లారీకి అడ్డం నిలబడింది. "ఆపండయ్యా, ఈ మొక్కలు పంపకండి!"

యజమాని విసుక్కున్నాడు. "కొనేవాడికి కనిపించకపోతే చాలు. నువ్వు కాకపోతే రేపు ఇంకొకరు ఏరతారు."

ఆమె పని నేర్పిన కూలీలే ఆమెను మెల్లగా పక్కకు తప్పించారు. లారీ కదిలింది. అక్క కూలబడి ఏడ్చింది. ఆమె కన్నీళ్లు ఎవరికి కావాలి?

పెద్దాయన పటం మడుస్తూ అన్నాడు: "ఈగకు అంత దూరం ఎగిరే శక్తి లేదమ్మా. రోగం దాచి అమ్మేవాడు ఒక రెక్క, దాచడానికి చెయ్యి కలిపేవాళ్లు ఇంకో రెక్క. ఆ రెండూ దానికి మనమే ఇచ్చాం."