పొడుగు గొట్టం చప్పుడు

మా ఇంట్లో నాకొక పేరుంది, ‘చెప్పానా అక్క’ అని. తమ్ముడు పెట్టాడు. ఏదైనా చెడిందంటే నేను ఊరుకోలేను. “చెప్పానా, లేదా?” అంటాను. పాలు పొంగినా అంటాను, గొడుగు మరిచిపోయి తడిసొచ్చినా అంటాను. తప్పు నాది కాదు. నేను ముందే చెబుతాను, వాళ్లు వినరు. వినకుండా మీదికి తెచ్చుకుంటే అనక ఏం చేయను?

కారు విషయంలోనూ ముందే చెప్పాను.

అమ్మకు షుగరు వల్ల చూపు పోయింది. ముందు అక్షరాలు పోయాయి, తరవాత మొహాలు, ఆఖరికి కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా. కళ్లు పోయినకొద్దీ ఆమెవి పాముచెవులయ్యాయి. పక్కింట్లో చెంచా కిందపడితే అది ఏ గదిలో పడిందో చెప్పేది. నాన్న కార్ల మెకానిక్. ఇంటి ముందున్న షెడ్డులోనే ఆయన బతుకంతా గడిచింది. ఆయన పాత కారు వీధి మలుపు తిరుగుతుంటేనే బొంగురుగా గుర్రుమనేది. ఆ చప్పుడు వినగానే అమ్మ లేచి, పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టి, తలుపు గడియ తీసేది. నాన్న పోయాడు, ఆయన వెనకే ఆ కారూ పాత సామాన్లకు పోయింది. తమ్ముడు కొన్న కారు నోరులేని కారు. ఎప్పుడొచ్చి ఇంటిముందు నిలబడుతుందో తెలియదు. వాడు “అమ్మా” అని పిలిచేసరికి ఆమె ఉలిక్కిపడేది, తరవాత చాలాసేపు గుండె మీద చెయ్యి తీసేది కాదు.

అందుకని తమ్ముడికి ఒక ఆలోచన పుట్టింది. ఇంజను గాలి పీల్చే దారి మార్చిస్తే చప్పుడు మారుతుందట. కంపెనీవాళ్లు పెట్టిన నల్ల డబ్బా తీసేసి బయట దొరికే గొట్టం బిగిస్తే, కారు ఊపిరి తీసుకుంటున్న సంగతి నలుగురికీ వినిపిస్తుందట.

“కుర్రకారు చేసే పనిరా అది. నీ బట్టతలకి ఎందుకు?” అన్నాను.

“నాకోసం కాదక్కా, అమ్మ కోసం. మలుపులోనే తెలిసిపోతుంది నేనొచ్చానని.”

“మలుపులో హారన్ కొట్టు. సరిపోతుంది.”

“హారన్ అందరిదీ అక్కా. ఇది మనది.”

ఆ మాట బాగానే ఉంది. అయినా ఊరుకున్నానని కాదు.

నాన్న దగ్గర పని నేర్చుకున్నాయన ఇప్పుడు పెద్ద బజారులో సొంతంగా గ్యారేజీ నడుపుతున్నాడు. మాకు బాబాయి వరస. అమ్మను కూడా తీసుకెళ్లాలని తమ్ముడు పట్టుబట్టాడు. గొట్టాన్ని ఎంచవలసింది ఆమె చెవులేనని వాడి వాదన. గ్యారేజీలో అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేల మీద నూనె మరకలు, గోడకు వేలాడుతున్న బెల్టులు, గ్రీజు వాసన. అమ్మ ఒకసారి గట్టిగా గాలి పీల్చి, “మన షెడ్డులా ఉందే” అంది. చాన్నాళ్ల తరవాత ఆమె మొహంలో నవ్వు చూశాను.

బాబాయి రెండు గొట్టాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టిది. దాని చివరనున్న ఫిల్టరు బానెట్ కిందే, ఇంజను పక్కనే ఉంటుంది. రెండోది మోచెయ్యిలా వంగి కిందికి దిగే పొడుగు గొట్టం. దాని ఫిల్టరు ముందు బంపరు వెనకాల, నేలకు దగ్గరగా ఉంటుంది.

ముందు పొట్టిది బిగించి స్టార్టు చేశాడు. తమ్ముడు యాక్సిలరేటరు తొక్కాడు. అమ్మ తల పక్కకు వంచి వింది.

“ఇదేం చప్పుడయ్యా? జలుబు చేసినట్టుంది” అంది.

బాబాయి నవ్వుతూ దాన్ని విప్పేసి పొడుగుది బిగించాడు. ఈసారి తమ్ముడు తొక్కగానే లోపలెక్కడో లోతునుంచి బొంగురు గొంతు లేచింది. అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. చేతులు గాల్లో తడుముకుంటున్నాయి.

“ఆపకురా” అంది. “మీ నాన్నే. అచ్చం మీ నాన్నే.”

ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తమ్ముడు స్టీరింగు మీద తల ఆన్చాడు. నేనూ కళ్లు తుడుచుకున్నాను, కాదనను. కానీ బాబాయి మొహం చూశాను. అందులో సంతోషం లేదు.

“వదినా, ఒక్క మాట. ఇది చల్లగాలి పీలుస్తుంది, చప్పుడూ బావుంటుంది, నిజమే. కానీ దీని మూతి కిందుంది. నీళ్లలోకి దిగిందంటే గాలితోపాటు నీళ్లూ తాగేస్తుంది. ఇంజను నీళ్లు తాగితే అంతే సంగతులు. ఉన్నచోటే ఆగిపోతుంది.”

“వింటున్నావా?” అన్నాను తమ్ముడితో. “రోజూ నువ్వొచ్చేది రైలు కట్ట కింద దారిలోంచి. నాలుగు చినుకులు పడితే అక్కడ చెరువే. పొట్టిది పెట్టించు. అమ్మకి అదే అలవాటవుతుంది.”

“వానాకాలం రాగానే పాత డబ్బా పెట్టించేస్తా. బాబాయ్, డబ్బా జాగ్రత్తగా దాచు.”

“మాటంటే మాటేనా?”

“మాటే, చెప్పానా అక్కా, మాటే!”

ఆ వేసవంతా మా ఇంట్లో పండగే. సాయంత్రం కాగానే అమ్మ వాకిట్లో కుర్చీ వేయించుకునేది. నేను కుట్టు మిషన్ మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంటే, “మిషన్ ఆపవే, వినపడదు” అని గదమాయించేది. నాకింకా ఏమీ వినిపించకముందే, “కట్ట దాటాడు” అనేది. ఆమె గోడ పట్టుకుని వెళ్లి పొయ్యి వెలిగించి, టీకి నీళ్లు పెట్టి, గడియ తీసేసరికి కారు వాకిట్లో ఉండేది. ఒక్కరోజూ లెక్క తప్పలేదు.

వానలు మొదలయ్యాయి. తమ్ముడు మాట తప్పలేదు, గొట్టం విప్పించి నల్ల డబ్బా పెట్టించాడు. నేను మెచ్చుకున్నాను కూడా. మర్నాడు సాయంత్రం అమ్మ వాకిట్లో నిలబడి చెవి రిక్కించి ఎదురుచూస్తోంది. చూరు నీళ్ల హోరులో వాడు చప్పుడు లేకుండా వచ్చి కారు ఆపి, దిగి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. “ఎవడ్రా!” అని కేక పెట్టి అమ్మ వెనక్కి తూలింది. మెట్ల మీద పడి మణికట్టు విరిగింది. కన్నకొడుకుని ఎవడ్రా అన్నందుకు, నొప్పికన్నా దానికే ఎక్కువ ఏడ్చింది.

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక తమ్ముడి చెయ్యి పట్టుకుంది. “ఆ గొట్టమే పెట్టించరా. నీ రాక నాకు తెలియకపోతే ఈ చీకట్లో నేను బతకలేను” అంది.

“అమ్మా, వద్దే. వానలే” అన్నాను.

“నువ్వు నోర్మూసుకోవే. నీకు కళ్లున్నాయి.”

 వాడు మర్నాడే పొడుగు గొట్టం పెట్టించేశాడు. వానపడితే కట్ట కిందికి దిగనని, చుట్టు తిరిగి పెద్ద వంతెన మీదనుంచే వస్తానని నాకు ఒట్టు వేశాడు. కొన్నాళ్లు అలాగే వచ్చాడు.

ఆ రోజు మధ్యాహ్నంనుంచీ కుండపోతగా కురిసింది. సాయంత్రానికి తెరిపిచ్చింది. వాడు ఫోన్ చేశాడు.

“అక్కా, వంతెన మీద లారీ అడ్డం తిరిగిందట, బళ్లు కదలడం లేదు. అమ్మ కంగారు పడుతుంది. కిందనుంచి వచ్చేస్తున్నా.”

“వద్దురా! ఆలస్యమైతే అయింది. అక్కడే ఉండు.”

“వాన తగ్గిందిగా. ముందు ఆటో ఒకటి దాటింది, చూశాను.”

“ఆటో వేరు, నీ కారు మూతి వేరురా!”

“మొదలెట్టావా, చెప్పానా అక్కా?” అని నవ్వి పెట్టేశాడు.

వాన తెరిపిచ్చినా పైనుంచి వచ్చే నీళ్లన్నీ పల్లానికే కదా చేరేది. కుట్టు మిషన్ ఆపేశాను. అమ్మ కట్టు చేత్తోనే గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చూరునుంచి చుక్కలు పడటం తప్ప వీధిలో మరో చప్పుడు లేదు.

“వస్తున్నాడు” అంది. “కట్ట దగ్గరికొచ్చాడు. దిగుతున్నాడు.”

 నాకూ వినిపించింది. ఆ బొంగురు గొంతు కట్ట కింద మారుమోగింది.

ఆగిపోయింది.

అమ్మ మొహం అలాగే వీధివైపు ఉంది. “దాటలేదే” అంది. “దాటలేదు.”

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. నేను వెళ్లేసరికి కట్ట కింద బురదనీళ్లు సుడి తిరుగుతున్నాయి, కారు పైకప్పు మాత్రం కనబడుతోంది. నీళ్ల ఒత్తిడికి తలుపులు రాలేదట, కరెంటు అద్దాలు దిగలేదట. జనం తాడు కట్టుకుని దిగి, అద్దం పగలగొట్టి వాణ్ని బయటికి తీశారు. అప్పటికే అయిపోయింది. నా తమ్ముడు నా ఒళ్లో తడిసి ముద్దయి ఉన్నాడు. “చెప్పానా, లేదా” అన్న మాట నా నోట్లోకి వచ్చింది. అలవాటు కదా, దానికి బుద్ధి లేదు. దాన్ని మింగేశాను. అది ఇంకా లోపలే ఉంది, అరగడం లేదు.

తరవాత బాబాయి పలకరించడానికి వచ్చాడు. కారు ఆయన గ్యారేజీకే చేర్చారు. నన్ను గుమ్మం దగ్గరే ఆపి గొంతు తగ్గించాడు.

“విప్పి చూశానమ్మా. గొట్టం నిండా నీళ్లే. పాత డబ్బా ఉంటే దాటేవాడా అంటే చెప్పలేను. ఇంకొంచెం ముందుకొచ్చి, ఎత్తు మీద ఆగేదేమో.”

“బాబాయ్, నీకు దండం పెడతాను. అమ్మ దగ్గర ఆ గొట్టం మాటే ఎత్తకు. బ్యాటరీ పోయి ఆగిందని చెప్పు.”

ఆయన తల ఊపాడు. లోపలికి వెళ్లి అమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తరవాత నేను చెప్పమన్నదే చెప్పాడు. “పాడు బ్యాటరీ వదినా. సమయానికి మోసం చేసింది.”

 ఆయన వెళ్లి, వీధి చివర ఆయన బండి చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా అమ్మ ఆగింది.

“బ్యాటరీ పోతే నడుస్తున్న ఇంజను ఆగదే” అంది. “మెకానిక్‌తో కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? నేను విన్నాను. దగ్గలేదు, తుమ్మలేదు. ఒక్కసారిగా గొంతు పట్టేసినట్టు ఆగింది. నీళ్లు తాగింది. నేను అడిగి పెట్టించుకున్న గొట్టమే తాగింది.”

“కాదమ్మా. బ్యాటరీయే.”

“నువ్వు ముందే చెప్పావు. గ్యారేజీలో చెప్పావు, మళ్లీ ఇంట్లోనూ చెప్పావు. నిన్ను నోర్మూసుకోమన్నాను.” కట్టు చెయ్యి చాచి నా మొహం తడిమింది, నోరు దొరికేదాకా తడిమింది. “అనవే. చెప్పానా, లేదా అని అను.”

నేను తల అడ్డంగా ఊపాను. అది ఆమె వేళ్లకు తెలిసింది.

“అనవే తల్లీ” అంది మళ్లీ. “నువ్వు కూడా అనకపోతే, ఇంక నన్ను తిట్టేవాళ్లెవరే?”