ఆరు కోడ్లు, ఒక్క నట్టు

నేను ఒక స్కానర్ని. స్టీరింగు కింద ఉండే సాకెట్లో నా తోక గుచ్చితే చాలు, బండికొచ్చిన కరెంటు జబ్బేదో కోడ్ నంబరుతో సహా చెప్పేస్తాను. ఇన్నేళ్లలో నా వైద్యం ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ జిల్లాలో నా అంతటివాడు పుట్టలేదు, పుట్టబోడు.

ఎక్కడ తయారయ్యానో గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి ఒంగోలులో ఒక పెద్ద వర్క్‌షాపు ఏసీ గదిలో ఉన్నాను. అక్కడి ఇంజినీరుగారికి నా మాట వేదం. నేను ఏ సెన్సారు పేరు చెబితే దాన్ని పీకి కొత్తది బిగించేవాడు. బండి కదలకపోతే ఇంకో పేరు అడిగేవాడు. నేనూ మొహమాటపడకుండా చెప్పేవాణ్ణి! రంగుల తెర ఉన్న కొత్తవాడొచ్చాక నన్ను అటకెక్కించారు. అక్కణ్నుంచి అద్దంకి రోడ్డులో మెకానిక్ కరీముల్లా షెడ్డుకు చేరాను. గ్రీజు చేతులతో అతను నన్నెప్పుడూ ముట్టలేదు.

దసరా మర్నాడు పొద్దున్నే, పాలబండి నడిపే కోటిరత్నం ఆగిపోయిన బండిని నలుగురి చేత తోయించుకుంటూ వచ్చింది. వెనక నలభై క్యాన్ల పాలు. తొమ్మిదింటికల్లా డెయిరీకి చేరాలి. ఆ నెలలో రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే రూటు వేరేవాళ్లకిస్తామన్నారట.

"తొందరగా చూడన్నా. రూటు పోతే నా పిల్లల నోట్లో మట్టే."

నా తోక గుచ్చారు. ఛాతీ విరుచుకుని ఆరు కోడ్లు గడగడా చదివాను. ఆరు సెన్సార్లూ పోయాయన్నాను.

"ఆరా! ఆరు సామాన్లు ఇప్పుడు యాడ తెస్తావన్నా?"

కరీముల్లా కోడ్లన్నీ చెరిపి మళ్లీ తాళం తిప్పాడు. ఆరూ తిరిగొచ్చాయి. నవ్వాడు.

"ఇంట్లో ఆరుగురికీ ఒకేసారి వాంతులైతే ఏం తిన్నారని అడుగుతాం గదా చెల్లెమ్మా. పండక్కి బండికేం చేశావ్?"

"ఏం చేస్తా? కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించా. అంతకుముందు ఛాసిస్‌కి నీలం పెయింటేశా. నట్ల కింద కూడా వదల్లా, ఊడదీసి మరీ ఏశా!"

"అదే కొంప ముంచింది తల్లీ."

బండి కింద దూరి ఎర్త్ వైరు నట్టు విప్పాడు. దాని కింద నున్నగా నీలం రంగు! వైరు ఇనుమును తాకితేనే కదా కరెంటు తిరిగేది. ఆరు సెన్సార్లకూ అదొక్కటే దారి. ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో రుద్ది నట్టు బిగించాడు. మొదటి తిప్పుకే బండి అందుకుంది. నా దగ్గర ఒక్క కోడ్ మిగల్లేదు.

అదీ నా తప్పని వైద్యం!

"ఈ పెట్టె అబద్ధాలు చెప్పిందేందన్నా?" అని ఆమె అడిగితే కరీముల్లా నా పరువు తీయలేదు. "నిజమే చెప్పింది చెల్లెమ్మా. ఆరుగురూ ఏడుస్తున్నారంది. ఏడిపించిందెవరో మనం ఎతుక్కోవాల" అన్నాడు. ఆ మాటకు ఈ ప్లాస్టిక్ చర్మంతో చెప్పులు కుట్టించినా అతని రుణం తీరదు.

సాయంత్రం కోటిరత్నం జున్ను గిన్నెతో వచ్చింది. "ఎనిమిదీ యాభైకి చేరానన్నా, రూటు నాదే!" అంటూ గిన్నెను మొదట నా ఎదుట పెట్టి, దణ్ణం పెట్టుకుంది.

ఇప్పటి బండ్ల భాష నాకు అర్థం కాదు. అయినా కరీముల్లా నన్ను పాత ఇనుములో వేయలేదు. టూల్సు బీరువాలో పై అరలో కూర్చోబెట్టాడు.

అన్నట్టు, ఆ దణ్ణం సంగతి నా కల్పన. జున్నంతా కరీముల్లాకే పోయింది. ఆమె వెళ్తూ వెళ్తూ చీర చెంగుతో నా తెర మీది దుమ్ము తుడిచింది. అది మాత్రం నిజం.