పాలకొల్లు నుంచి కాపలా

నేను ఒక పసిపిల్లల బండిని. నాలుగు పెద్ద చక్రాలు, లోపల మెత్తటి పరుపు, పైన మడిచే గొడుగు. డెన్మార్క్‌లోని ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. చలిలో నిలబడటమే నా ఉద్యోగం. ఇక్కడివాళ్లు పసివాళ్లను పగటిపూట ఆరుబయటే నిద్రపుచ్చుతారు. తల్లులు వెచ్చగా హోటల్లో కూర్చుని కాఫీ తాగుతుంటే, పిల్లలు గుమ్మం బయట నా ఒళ్లో ముక్కులెర్రబడి నిద్రపోతారు. సైకిలుకు రెండు తాళాలు వేసుకునే మనుషులు బిడ్డను మాత్రం వీధిలో వదిలి లోపలికెళ్తారు. ఈ లెక్క నాకిప్పటికీ అంతుపట్టలేదు.

ఆర్హుస్ నగరంలో కిర్స్టెన్ అనే ఆవిడ తన ముగ్గురు పిల్లల్ని నాలోనే పెంచి, నన్ను పక్కవాటా వైదేహికి ఇచ్చేసింది. వైదేహిది పాలకొల్లు. భర్త సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఉద్యోగి, వెళ్తే రెండు వారాలకు గానీ రాడు. రెండు నెలల పాప ఇంట్లో ఎంత ఊపినా నిద్రపోదు. తల్లికి కళ్లు గుంటలు పడ్డాయి. నన్ను మాత్రం తడిగుడ్డలు ఆరేసుకోవడానికి వాడుకుంది. నాకు భలే చిన్నతనంగా ఉండేది.

జనవరిలో ఒక మధ్యాహ్నం కిర్స్టెన్ వచ్చింది. "ఇలా అయితే నువ్వు పడిపోతావు. ఒక్కసారి బయట పడుకోబెట్టి చూడు. మెడ వెనక వేలు పెట్టి చూస్తుండు, వెచ్చగా ఉంటే భయం లేదు" అంది.

వైదేహి పాప చెవుల్లో దూది పెట్టి, మూడు స్వెట్టర్లు తొడిగి, నన్ను కిటికీ బయట నిలిపి, నాలో పడుకోబెట్టింది. పాప కాసేపు ఏడ్చి ఊరుకుంది. ఆ నిశ్శబ్దానికి తల్లి హడలిపోయింది. పది నిమిషాల్లో ఏడుసార్లు వచ్చి మెడ తడిమింది.

లోపల ఫోను మోగింది. వాళ్లమ్మ మాణిక్యాంబ. కిటికీ రెక్క కాస్త తెరిచే ఉంది కాబట్టి అంతా విన్నాను.

"ఏడుపు వినపళ్లేదేంటే? పాపేదీ, చూపించు."

వైదేహికి అబద్ధమాడటం చేతకాలేదు. ఫోను కిటికీవైపు తిప్పింది. నా గొడుగు మీద మంచు పేరుకుని ఉంది.

"పసిగుడ్డుని మంచులో పడేశావా? నీకేమన్నా మతిపోయిందా?"

"నేను పడుకుని ఎనిమిది రోజులైందమ్మా" అని వైదేహి ఏడ్చేసింది.

మాణిక్యాంబ ఫోనుకు దగ్గరగా జరిగి నా గొడుగుకేసి చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. బట్టల దండెం ఉద్యోగం మళ్లీ తప్పదనుకుని దిగులుపడ్డాను.

"ఒళ్లు వెచ్చగానే ఉందా?"

"ఉందమ్మా."

"అయితే ఆ ఫోను కిటికీకి ఆనించి, నువ్వెళ్లి నడుం వాల్చు. నేను చూత్తా కూర్చుంటాను. కదిలితే కేకేత్తాలే."

వైదేహి సోఫాలో ఒరిగిన మరుక్షణం నిద్రపోయింది. మాణిక్యాంబ ఫోనులో, కిటికీ అద్దంలోంచి రెప్పవేయకుండా నన్నే చూస్తూ కూర్చుంది. సుమారు గంట గడిచాక పాలకొల్లులో సాయంత్రమై, ఆమె గుమ్మం ముందు పాలవాడు గంట కొట్టి కేకేశాడు.

"నెమ్మదిగా అరువయ్యా" అని కసిరింది ఆమె. "మా మనవరాలు పడుకుంది."