అమ్మణ్ణి చెయ్యి కలిపిన కారం

తణుకులో పంచదార ఫ్యాక్టరీ కూత వేస్తే ఊరంతా అన్నాలకి కూర్చునేది. అమ్మణ్ణి మాత్రం అప్పుడే పని ఆపి, ఎర్రబారిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కారం కొట్టే పాక అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ కాసేపూ ఆవిడ జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. భోజనాల వేళ రేడియో దగ్గర కూర్చునే మగవాళ్ళని ఎవరైనా కదుపుతారా? ఇదీ అలాంటిదే.

అమ్మణ్ణి చెయ్యి కలిపిన కారం ఏ కంచంలో పడితే, ఆ కంచం ముందు అనుకున్న మాటలు ఆవిడ చెవిలో పడతాయి. కంచం పక్క వీధిలో ఉన్నా ఒకటే, తాడేపల్లిగూడెంలో ఉన్నా ఒకటే. కొందరు గుచ్చితే ఎండుపుల్లైనా చిగురేస్తుంది, కొందరు పెట్టిన ఆవకాయ బూజు పట్టదు, ఈవిడకి ఇది. దీనికంటూ ఎవరూ పెద్ద హడావుడి చెయ్యలేదు. కాకపోతే కూతుళ్ళని పొరుగూళ్ళకి ఇచ్చిన తల్లులు సాయంత్రం పూట అలా వచ్చి అరుగు మీద చతికిలబడేవారు.

"అమ్మణ్ణీ, మా పిల్ల ఇవాళ ఏం తిందే?"

"దోసకాయ పప్పండి. అల్లుడుగారు మారు వడ్డించుకున్నారు. మీరు పంపిన గాజులు చెయ్యి పట్టట్లేదంట, మీతో చెప్పలేక నసుగుతోంది."

"వెర్రిమొహం! చెబితే మార్చి పంపనూ?" అని ఆ తల్లి మురిసిపోతూ వెళ్ళేది.

ఆ తల్లులకే కాదు, అమ్మణ్ణికీ ఒక కూతురుంది. మొగుడు పోయాక మగ్గం అమ్మేసి రోకలి పట్టుకుని పెంచిన పిల్ల, మీనాకుమారి. ఆ పిల్లని ఉప్పాడలో నేతపని వాళ్ళకే ఇచ్చింది. అల్లుడు అప్పారావు నెమ్మదస్తుడు, మగ్గం మీద కూర్చుంటే లోకం తెలీదు. ఇల్లు సముద్రానికి మరీ దగ్గర, అదొక్కటే వంక. "సముద్రం ఇంట్లోకొస్తుందేంటండీ వదినగారూ!" అని వియ్యపరాలు నవ్వేసింది. అమ్మణ్ణీ నవ్వి ఊరుకుంది.

రోట్లోంచి కారం తీసినప్పుడల్లా మొదటి పిడికెడు కూతురి పేరు చెప్పి మూట కట్టడం ఆ పాకలో ఆడవాళ్ళకి ఆనవాయితీ. ఆ మూటని, కొట్టు సరుకు వేసుకుని కాకినాడ లైను తిరిగే గుమస్తా బుజ్జిబాబు ఉప్పాడలో ఇచ్చి వచ్చేవాడు. అక్కడ మీనాకుమారి రోజూ కంచం ముందు కూర్చుని, అన్నంలో వేలు పెట్టి, ముద్ద ఎత్తే ముందు మెల్లిగా అనేది.

"అమ్మా, తింటున్నా."

ఆ ఒక్క మాట కోసమే అమ్మణ్ణి కళ్ళు మూసుకునేది. తిరిగి పలికే దారి లేదు, వినడమే. అయినా ఏం తక్కువైంది! "అమ్మా, చింతకాయ తొక్కు తినాలనుంది" అని పిల్ల కంచంతో అంటే, బుజ్జిబాబు మళ్ళీ వెళ్ళేసరికి సంచిలో జాడీ ఉండేది. తల్లీకూతుళ్ళకి ఉత్తరాల అలవాటే పోయింది. మీనా అత్తగారు కూడా ఇరుగుపొరుగుతో గొప్పగా చెప్పుకునేది, మా కోడలు ఇక్కడ తుమ్మితే వాళ్ళమ్మ అక్కడ శొంఠి నూరుతుందమ్మా అని.

ఇక షావుకారు గోపాలకృష్ణమూర్తిగారి సంగతి. ఆయనది చిన్న కిరాణా కొట్టు, వెనకాల ఈ పాక. చెడ్డవాడు కాదు. మనిషికి ఆశ ఉంది, అది ఎవరికి లేదు? ఒకరోజు కాఫీ గ్లాసు తెచ్చి అమ్మణ్ణి చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాడు.

"అమ్మణ్ణీ, మన కారం గురించి జనం ఏమనుకుంటున్నారే?"

ఆవిడ దాచుకునే మనిషి కాదు. "కారం బావుందంటున్నారండి. పాలకొల్లులో ఒకావిడ మటుకు, ఈ ధనియాలు కూడా ఎవరైనా కొట్టి పెడితే వాళ్ళ కడుపు చల్లగుండా అంటోందండి."

పండగ వెళ్ళేసరికి ధనియాల పొడి వచ్చేసింది. ఇంకోనాడు ఏలూరులో ఒక మేష్టారి భార్య, ఇంట్లో ఎన్ని దినుసులు వేయించి పోసినా సాంబారుకి హోటలు వాసన రావడం లేదని మొగుడి మీద విసుక్కుంది. అమ్మణ్ణి అదీ చెప్పింది. సాంబారు పొడి వచ్చింది. ఆ వెనకే చారు పొడి, పులిహోర పొడి, బ్రహ్మచారులు వేడన్నంలో కలుపుకోడానికి పప్పుల పొడి. ఎవరింట్లో ఏ వెలితి ఉందో కంచం ముందే బయటపడుతుంది కదా, ఈవిడ విని చెప్పడం, ఆయన చేసి అమ్మడం. రోకళ్ళు అటక ఎక్కాయి, పాక కూల్చి రేకుల షెడ్డు వేశారు, అందులో పొడి కొట్టే మిషన్లు, పల్వరైజర్లు దిగాయి. షావుకారు తన భార్య కన్యకాపరమేశ్వరమ్మగారి పేరున "పరమేశ్వరి మార్కు" అని పాలిథీన్ పాకెట్లు అచ్చేయించాడు.

"నా పేరు కత్తిరించి చెత్తకుప్పలో పారేస్తున్నారండీ జనం," అని ఆవిడ గొడవపెట్టింది.

"పారేస్తేనేగా మళ్ళీ కొంటారు!" అన్నాడాయన.

మిషన్లు ఎన్ని వచ్చినా ఆఖరి పని అమ్మణ్ణిదే. పొడి అంతా టార్పాలిన్ పట్టాల మీద కుప్ప పోస్తే, నువ్వుల నూనె రాసుకున్న చేత్తో ఆవిడ అడుగునుంచి కలిపితేనే సంచుల్లోకి ఎత్తేవారు. ఆ చెయ్యి వల్లే రుచి అని షావుకారు నమ్మకం. మొదటి పిడికెడు మాత్రం పోయింది. గొట్టంలోంచి ఆగకుండా కురిసే పొడిలో మొదటిదేది, చివరిదేది? మీనా కూడా అందరిలాగే ఉప్పాడ బజారులో పాకెట్టు కొనుక్కోవడం మొదలెట్టింది.

కంచాలు పెరిగాయి. అమ్మణ్ణి చెవిలో విశాఖపట్నం వచ్చింది, హైదరాబాదు వచ్చింది, ఖరగ్‌పూరు వచ్చింది. సాంబారు పొడి మద్రాసు చేరాక అర్థం కాని అరవ మాటలు వచ్చాయి. ఒకప్పుడు భోజనాల వేళ ఒక్కటే ఉండేది, ఇప్పుడు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తింటూనే ఉన్నారు. మొగుడూపెళ్ళాల తగువులు, పిల్లల పేచీలు, హోటల్లో ఆర్డర్లు, అన్నీ కలిసి సంత అయిపోయింది. ఆ సంతలో "అమ్మా" అని కొన్ని వందల గొంతులు పిలుస్తున్నాయి, కూర వెయ్యమని, నీళ్ళు పొయ్యమని. ఏది మీనా గొంతో ఎలా తెలుస్తుంది? చెవుల్లో దూది పెట్టుకుంది. మోత బయటదైతేగా తగ్గడానికి!

ఇంతా తను చెబితే పెరిగిందే. ఎవర్ని తిట్టుకుంటుంది?

ఒకరోజు షావుకారు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "బాబుగారూ, మా మీనా మాట వినపడి చాన్నాళ్ళైందండి. కొన్నాళ్ళు నా చెయ్యి పెట్టకుండా కలిపించండి. ఈ హోరు తగ్గితే చాలు, పిల్ల మాట పట్టుకుంటాను."

ఆయన మొహం మాడ్చుకోలేదు, కసరలేదు. పాపం, కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడు. "అమ్మణ్ణీ, నీ చెయ్యి తీసేస్తే రుచి పోతుంది, రుచి పోతే షెడ్డు మూత పడుతుంది. ఇంతమంది ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు చెప్పు? ఈ మిరపకాయల సీజను దాటనీ. నేనే కారు కట్టించి నిన్ను ఉప్పాడ పంపిస్తాను."

ఆవిడ షెడ్డులో ఆడవాళ్ళ వంక చూసింది. అందరూ పిల్లలున్న వాళ్ళే. సరేనండి అంది. కబురు పంపుదామంటే బుజ్జిబాబుని హైదరాబాదు లైనుకి మార్చేశారు, కాకినాడకి సరుకు ఇప్పుడు లారీలో స్టాకిస్టుకి పోతోంది. సీజను దాటితే వెళ్దాంలే అనుకుంది. సీజను దాటేలోపు మాంసం మసాలా వచ్చి పడింది.

మీనాకుమారికి, పెళ్ళైన ఇన్నేళ్ళకి, నెల తప్పింది. ఆ మాట అందరికంటే ముందు కంచంతోనే చెప్పింది. తల్లి నుంచి తొక్కు రాలేదు, సున్నుండలు రాలేదు. ఏడో నెలలో పసుపూ కుంకుమా తీసుకుని ఎవరూ రాలేదు. తొలికాన్పుకి పుట్టింటివాళ్ళు వచ్చి పిలుచుకెళ్ళాలి గానీ, చూలాలు తనంతట తను గడప దాటకూడదు కదా. అప్పారావు ఒక కార్డు ముక్క రాస్తానన్నాడు. అత్తగారు ఒప్పుకోలేదు. "ఊరందరి కంచాలూ వినేవిడకి కన్నకూతురిది వినపడదా? మనం బతిమాలాలా?" అంది. మీనాకీ పౌరుషం వచ్చింది. "మా అమ్మకి పని ఎక్కువైంది. నెలలు నిండేసరికి తనే వస్తుంది, చూడండి" అంది. ఆ పిల్ల రోజూ ముద్ద ఎత్తే ముందు, తింటున్నా అనడం మానేసి, ఇంకో మాట అనేది.

"అమ్మా, నెలలు నిండుతున్నాయి. వచ్చి తీసుకెళ్ళు."

ఇదంతా అమ్మణ్ణికి తెలిసింది తర్వాత. ఆ మధ్యాహ్నం ఆవిడ మోచేతుల దాకా మసాలాలో ఉంది. చెవిలో హోరు హోరుగానే ఉంది. అందులోంచి ఒక్క మాట ముల్లులా పైకి లేచింది, ఉప్పాడ. చెయ్యి ఆగిపోయింది. ఎవరో ఇద్దరు కాకినాడ హోటల్లో భోంచేస్తున్నారు.

"మొన్న సముద్రం పోటుకి ఉప్పాడలో మగ్గాల వీధి సగం పోయిందిరా."

"ముందే ఖాళీ చేశారటగా?"

"అందరూ లేచిపోయారు. ఒక నిండు చూలాలు మటుకు, మొగుడు కాళ్ళా వేళ్ళా పడ్డా కదల్లేదంట. మా అమ్మ తీసుకెళ్ళడానికి వస్తుంది, ఇల్లు మారితే ఎక్కడని వెతుక్కుంటుంది అందట. నీళ్ళు గోడ పడగొట్టాక మోసుకొచ్చారు."

"అయ్యో పాపం." "సాంబారు మాత్రం బావుందిరా ఇక్కడ. ఇంకాస్త పొయ్యమను."

అమ్మణ్ణి పట్టా మీంచి లేచింది. చేతులైనా కడుక్కోకుండా బస్సెక్కింది. దారి పొడుగునా చెవిలో జనం తింటూనే ఉన్నారు.

ఉప్పాడలో బడి వరండా మీద చాపల మధ్య దొరికింది మీనా. కడుపు ఖాళీగా ఉంది, పక్కలో ఏమీ లేదు. పోటు వచ్చిన రాత్రే, ఆ తడిలోనే నొప్పులు వచ్చాయనీ, మగబిడ్డ అనీ, ఏడవలేదనీ అప్పారావు తలొంచుకుని చెప్పాడు. అమ్మణ్ణి వెళ్ళి కూతురి పక్కన చాప మీద కూర్చుంది.

"రోజూ చెప్పానమ్మా," అంది మీనా.

"వినపడలేదే నా తల్లీ."

"ఊరందరిదీ వినపడింది కదా."

 అమ్మణ్ణి కూతుర్ని తీసుకుని తణుకు వచ్చింది. షెడ్డులోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. షావుకారు వచ్చి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు, తప్పైపోయిందన్నాడు, అంతలోనే కుప్ప పోసిన పొడి సంగతి అడగలేక అడగలేక అడిగాడు. "మీకు తోచినట్టు కలుపుకోండి బాబుగారూ" అని ఆవిడ తలుపు వేసుకుంది.

పారతో కలిపారు. పరమేశ్వరి మార్కు పాకెట్లు ఎప్పట్లాగే వెళ్ళాయి. రుచి పోయిందని ఏ ఊళ్ళోనూ, ఏ ఒక్కరూ అనలేదు. మర్నాడు కాదు, ఆ నెల కాదు, అసలెప్పుడూ అనలేదు. షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది, అల్లంవెల్లుల్లి ముద్ద సీసాలకెక్కింది. ఆ సంగతి విన్ననాడు అమ్మణ్ణి తన రెండు చేతులూ ముందు పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. ఈ చేతులు అక్కర్లేదని ఒక్క సీజను ముందు తెలిస్తే ఎంత బావుండేది!

ఇళ్ళల్లో పాత పాకెట్లు అయిపోతున్న కొద్దీ చెవిలో హోరు పలచబడింది. అరవ మాటలు పోయాయి, హైదరాబాదు పోయింది, హోటళ్ళు పోయాయి. ఆఖరికి భీమవరంలో ఎవరో ముసలాయన అడుగూ బొడుగూ దులుపుకుని తిన్నాడు, ఆయన గొంతూ ఆగిపోయింది. ఇప్పుడు ఎంత చిన్న మాటైనా వినపడుతుంది. పలికేవాళ్ళే లేరు. మీనా ఇంట్లోనే ఉంది, ఉప్పూ మజ్జిగా పోసుకుని తింటోంది. ఉట్టి మీద జాడీలో రోకలి రోజుల నాటి కారం, ఆ పిల్ల పేరున తీసి పంపకుండా మిగిలిపోయిన ఆఖరి పిడికెడు, అలాగే ఉంది. తల్లి ఎప్పుడూ వడ్డించబోలేదు, అడిగే ధైర్యం లేక.

ఒకరోజు ఫ్యాక్టరీ కూత వేసింది. అమ్మణ్ణి అలవాటు కొద్దీ ఇంటి అరుగు మీదకి వెళ్ళి కళ్ళు మూసుకుంది. లోపల జాడీ మూత తీసిన చప్పుడైంది. అన్నంలో కారం కలుపుతున్న చప్పుడు. అప్పుడు వినపడింది, గుమ్మంలోంచి ఒకసారి, చెవిలోంచి ఒకసారి.

"అమ్మా, నెలలు నిండాయి. వచ్చి తీసుకెళ్ళు."

అమ్మణ్ణి లేచింది. గోడ పట్టుకుని లోపలికి నడిచి, కంచం ముందు కూర్చుని, ఆ కారపు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వచ్చానమ్మా," అంది.