మంగమ్మ బొమ్మ

దీప భూపాలపల్లిలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ట్యాబ్ మీద మనుషుల ముఖాలు గీస్తుంది. ఆ బొమ్మలు నచ్చి, పోయినవాళ్ల ఫొటోలు పట్టుకుని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తుంటారు.

ఆ సోమవారం రాజేందర్ వచ్చాడు. గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. జేబులోంచి ఆధార్ కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు.

“మా అవ్వ, చెల్లె. నన్ను కన్నతల్లి. జరమొచ్చి పోయింది. వచ్చే ఆయితారం యాడాది. ఇంట్ల వేరే ఫొటో లేదు. జర మంచిగ గియ్యాలె.”

ఫొటో తెల్లబారిపోయి ఉంది. దీప పేరు చదివింది. మంగమ్మ, మొగుళ్లపల్లి. ఆ మనిషి తనకు తెలుసు. గీయనంటే ఎందుకో చెప్పాలి.

“గీస్త అన్న,” అంది.

పదకొండేళ్ల కిందట, ఎనిమిదో తరగతిలో, దీప తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. అక్కడ వంట మంగమ్మదే. పిల్లలంతా ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్లు. ఒక సాయంత్రం ఉడికించి పెట్టిన గుడ్లలో ఆరు తక్కువయ్యాయి. తీసింది దీప. రెండు తను తిని, నాలుగు స్నేహితురాళ్లకు పంచింది. వార్డెన్ వరుసగా నిలబెట్టి అడుగుతుంటే, తన వంతు వచ్చేసరికి భయంతో నోటికొచ్చింది చెప్పేసింది.

“మంగవ్వ కొంగుల కట్టుకుంటుంటె చూసిన మేడం.”

మంగమ్మ వంటగది గుమ్మంలోనే ఉంది. దీప వైపు చూసింది, అంతే. మర్నాటి నుంచి వంటకు వేరే మనిషి వచ్చింది.

దీప బొమ్మ మొదలుపెట్టింది. ముందు బూడిదరంగు గీతలతో ముఖం కొలతలు వేసింది: వెడల్పాటి నుదురు, లోపలికి పోయిన దవడలు. కళ్లు గీశాక పెన్ను పక్కన పెట్టేసింది. ఆరోజు గుమ్మంలోంచి చూసిన చూపే వచ్చింది. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ అదే చూపు.

మంగళవారం రంగులు పరిచింది. చామనఛాయ ఒక పొరలో, చెంపల కింది నీడలు ఇంకో పొరలో. బుధవారం చీర అంచు, చెవి కమ్మలు, నుదుటి మీద నెరిసిన వెంట్రుకలు ఒక్కొక్కటిగా వేసింది. ముఖం నిండుతున్నకొద్దీ ఆమె ఎదుట కూర్చోవడం కష్టమైంది. చివరికి పెదవుల చివర్లు కొంచెం పైకి లాగింది. కళ్ల కింద రెండు మడతలు పెట్టింది. మంగమ్మ నవ్వింది. దీపకు ఊపిరి తేలికైంది. మరుక్షణమే సిగ్గేసింది. బొమ్మ తన చేతిలో ఉంది కాబట్టి ఆమె చేత తనను క్షమింపజేసుకుంటున్నట్టు అనిపించింది. అయినా ఆ నవ్వు చెరపలేదు.

శుక్రవారం రాజేందర్ తెరను చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత బొమ్మ గడ్డం దగ్గర వేలు పెట్టాడు.

“గీ మచ్చ ఫొటోల లేదు గద. హాస్టల్ల గంజి పడి కాలింది. నీకెట్ల ఎరుక?”

గీస్తున్నప్పుడు ఆ మచ్చ ఫొటోలో ఉందా లేదా అని దీప చూసుకోనేలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నోట్లో మాట తయారుగానే ఉంది. పదకొండేళ్ల కిందట కూడా అట్లాగే తయారుగా ఉంది.

“నేను గా హాస్టల్లనే చదివిన అన్న. గుడ్లు తీసింది అవ్వ గాదు, నేను. అవ్వ మీద చెప్పింది గూడ నేనే.”

రాజేందర్ కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

“నాతోని గాదు. మా బాపుతోని చెప్పు. నడువు.”

మొగుళ్లపల్లిలో ఇంటి అరుగు మీద కూర్చున్న రాజేందర్ తండ్రి పోశాలు ఆమె చెప్పిందంతా విన్నాడు. దీప ఏడుస్తున్నా ఊరుకోబెట్టలేదు.

“దాన్ని నేను ‘దొంగవే నువ్వు’ అన్న,” అన్నాడు చివరికి. “కోపమొచ్చినప్పుడల్ల అన్న. తియ్యలేదని ఒక్కపారి చెప్పింది. నేను నమ్మలె. మల్ల చెప్పలె.”

ట్యాబ్ ఇమ్మన్నాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“గిట్ల నవ్వకపోయేది బిడ్డ. పెదవులు బిగవట్టుకునేది. నవ్వొచ్చినా గట్లనే ఉండేది, కండ్లల్ల తెలిసేది.”

దీప అక్కడే నేల మీద కూర్చుని పెదవులు మార్చింది. ఆయన చెబుతుంటే కనుబొమలు దగ్గరకు జరిపింది, కళ్లల్లోని వెలుగు చుక్కలు కొంచెం కిందికి దించింది. గంట పట్టింది. బొమ్మలో మనిషి దీపకు కొత్తగా కనిపించింది. తను భయపడిన చూపూ కాదు, తను పెట్టిన నవ్వూ కాదు.

“గిది యాదమ్మ,” అన్నాడు పోశాలు, ఆమెను ఇంట్లో పిలుచుకునే పేరుతో. తర్వాత అన్నాడు: “ఆయితారం వాడకట్టంత వస్తది. వాళ్ల ముందట గూడ చెప్పాలె నువ్వు.”

ఆదివారం వాకిట్లో టెంటు కింద నలభై మంది ఉన్నారు. దండ వేసిన బొమ్మ పక్కన నిలబడి దీప చెప్పింది. ఒక ముసలామె లేచి, “ఎంత పనిజేసినవే, పిల్లా. బతికున్నప్పుడు చెప్తే ఏం పోయె!” అంది. దీప తల దించుకుంది.

పోశాలు లేచి నిలబడ్డాడు. “పిల్ల పదమూడేండ్లది. నేను దాని మొగుణ్ణి,” అన్నాడు. “నేను గూడ నమ్మిన.” ఇంకేదో చెప్పబోయి కూర్చుండిపోయాడు.

దీప బయటికి వచ్చింది. రాజేందర్ బస్టాండు దాకా బండి మీద దింపాడు. బస్సు కదిలేముందు అతను కిటికీ దగ్గరికి వచ్చాడు.

“నీ మీద కోపం పోలె నాకు,” అన్నాడు.

“పోవద్దన్న,” అంది దీప.