పొట్టకొచ్చిన గడ్డి

నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ లోపల ఎవరి సమాధులు వాళ్ళు శుభ్రం చేసుకుని, సున్నం కొట్టి, పూలు పెట్టుకోవాలి. ఆ సంవత్సరం బన్సీలాల్‌పేట్ అవతల మా సంఘం సమాధుల తోటలో గడ్డి పీకని సమాధి మా ఆయన యేసుదాసుదొక్కటే.

నేనే పీకనివ్వలేదు. మా అమ్మాయి డోరా వద్దంది.

డోరా గడ్డి జాతుల మీద పరిశోధన చేస్తోంది. గడ్డిలో జాతులేమిటని మొదట్లో నేనూ నవ్వాను. ఊరవతల యాప్రాల్ బండల మధ్య తనకొక గడ్డి దొరికింది. దాని ఆకును అడ్డంగా, ఉల్లిపొర కంటే పలుచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపులో నాకు చూపించింది. ఈనె చుట్టూ పూసలు గుచ్చినట్టు కణాలు. ఒక జాతికి అవి ఒకే వరస ఉంటాయట, దాని చుట్టం జాతికి రెండు వరసలట. ఈ గడ్డికి కొన్ని ఈనెల చుట్టూ ఒకటి, కొన్నిటి చుట్టూ రెండు. జన్యువుల పరీక్షకు పంపితే అక్కడా అంతే, కొంత దీన్ని పోలింది, కొంత దాన్ని పోలింది. రెండు జాతులు కలిసి పుట్టిందా, లేక ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని కొత్త జాతా అన్నది తేలాలంటే పూత కావాలి. కంకి ఇంకా పొట్టలో ఉండగానే లేత మొగ్గలు తీసి క్రోమోజోములు లెక్కపెట్టాలి. విచ్చుకున్నాక కంకి అమరిక చూడాలి. ఉత్త ఆకు చూసి పేరు పెడితే ఎవరూ ఒప్పుకోరు.

పూతకొచ్చే లోపలే యాప్రాల్ బండలు పగలగొట్టి ప్లాట్లు వేశారు. డోరా తెచ్చి కుండీల్లో నాటిన దుబ్బులు బతకలేదు. ఇక లేదనుకున్న గడ్డి మా ఆయన సమాధి మీద లేచింది. అంతకుముందు సమాధి కుంగితే నేను పోయించిన మట్టి యాప్రాల్ వైపు నుంచి వచ్చిందే. వానలు పడ్డాక డోరా అది చూసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆకు పట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు తండ్రి కోసం అనుకున్నారు.

డిసెంబరుతో తన గడువు తీరిపోతుంది. పేరు తేలని గడ్డితో థీసిస్ తీసుకోనని వాళ్ళ సారు ముందే చెప్పేశారు.

తోటకు వచ్చేపోయేవాళ్ళు ఊరుకోలేదు. యేసుదాసు గారి మీద ఒక గేదెను మేపుకోవచ్చని ఒకావిడ నాకు వినపడేలాగే అంది. అందరికీ ఏమని చెప్పను? తోట కాపలా చూసే రాములుకు మాత్రం, ఎవరినీ ముట్టుకోనివ్వద్దని చెప్పుకున్నాను. అక్టోబరు చివరికి గడ్డి పొట్టకొచ్చింది. ముప్పయ్యో తారీఖు సాయంత్రం డోరా కాడలను వేళ్ళతో నొక్కి చూసి, ఇంకా లేతగా ఉంది, ఎల్లుండి ఎండెక్కే వేళకు తీద్దామంది.

ఒకటో తారీఖు పొద్దున నేనూ డోరా రాంగోపాల్‌పేట్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళేసరికి సమాధి తెల్లగా మెరుస్తోంది. దాని పక్కనే మా ఆయన అక్క కాంతమణి వదిన కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. మర్నాటి పండుగ వేళకు కాకినాడ నుంచి రావలసింది, ఒకరోజు ముందే వచ్చి, స్టేషన్లో దిగి తిన్నగా ఇక్కడికే వచ్చిందట. కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఉంది, చేతుల నిండా సున్నం.

“నడుం నొప్పితో నువ్వు చేసుకోలేవని నాకు తెలుసు కదా,” అంది నాతో. “ఏం మొండి గడ్డే తల్లీ! పైదంతా నేనే పీకేశాను. వేళ్ళు రాకపోతే గునపంతో పెళ్ళగించాడు ఈ అబ్బాయి. ఇప్పుడు చూడు, నా తమ్ముడు హాయిగా పడుకున్నాడు.”

డోరా, గునపం పట్టుకుని నిలబడ్డ రాములు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

“వద్దనే చెప్పిన బిడ్డా. సొంత అక్కను, నడుమ నువ్వెవరన్నది. నేనేం జెయ్యాలె? ఎండాకులల్ల ఏసి గడ్డి సుత కాలవెట్టిన.”

గోడ వారన బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. డోరా పుల్లతో కదిలించి చూసింది. వేళ్ళు కూడా మాడిపోయాయి. నాకు గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? గడ్డి అంచులు కోసి వదిన అరచేతుల నిండా గీతలు పడ్డాయి, వాటిలో సున్నం దిగి మండుతోంది. బాగుందన్న మాట కోసం ఆవిడ నా ముఖం చూస్తోంది. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చేతులు కడిగాను.

“ఆ గడ్డి మీదనే బిడ్డ సదువు ఆగున్నదట పెద్దమ్మా,” అన్నాడు రాములు, ఉండబట్టలేక.

ఇక నేను చెప్పక తప్పలేదు. నాకు తెలిసినంత చెప్పాను. వదిన గోడ వారన బూడిద వైపు తిరిగి చూసింది.

“గడ్డే కదే,” అంది. “ఇంకెక్కడా ఉండదా?”

లేచి సమాధుల మధ్యకు నడిచింది. గరిక తెచ్చి ఇదా అని అడిగింది. కాదత్తా అంది డోరా. తుంగ తెచ్చింది. అదీ కాదు. వద్దు వదినా, కూర్చో అని నేను వెనకాలే తిరిగాను, వినలేదు. తెచ్చిన ప్రతి పోచనూ డోరా చేతిలోకి తీసుకుని, చూసి, కాదనేది. ఎండ ముదిరింది. తెచ్చేకొద్దీ వదిన గొంతు సన్నబడిపోతోంది.

చివరికి గోడ వెనక నుంచి ఒక దుబ్బు మట్టితో సహా పెళ్ళగించి, రెండు చేతుల్లో పట్టుకుని వచ్చింది. అంచుల్లో నూగు నాకే కనిపించింది. మా గడ్డికి నూగు లేదు.

“ఇది అచ్చం అలాగే ఉందమ్మా. సరిగ్గా చూడు.”

డోరా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ చేతుల వైపూ చూసింది.

“ఉత్త కళ్ళతో చెప్పలేం అత్తా. కోసి చూడాలి,” అంది.

తడి కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. చెరో పక్కా పట్టుకుని వదినను గేటు దాకా నడిపించి ఆటో ఎక్కించాము. ఎన్ని రోజుల్లో తెలుస్తుందని ఆవిడ ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉంది.